వెలుగు లేని చుక్క

మార్గశిరం వచ్చిందంటే ఆదోనిలో బండలు చల్లబడతాయి. ఎండాకాలమంతా పెనం మాదిరి కాలిన బేతంచర్ల బండలే ఆ నెలలో పొద్దు వాలేసరికి అరికాళ్ళకు సూదులు గుచ్చుతాయి. కృష్ణాబాయిది మడి ఇల్లు. చెప్పుల్లేకుండా తిరిగే ఇల్లు. వంటింటి నుంచి నడవకు, నడవ నుంచి దేవుని గూటికి ప్రతి బండా ఆమె పాదాలకు తెలుసు. ఏది గతుకు, ఏది అంచు లేచింది, ఏది అడుగు వేస్తే కదులుతుంది, అన్నీ. అందుకే ఆ సాయంత్రం ఇంట్లోకి ఏం వచ్చిందో ఆమెకు మొదట తెలిసింది కాలితోనే.

ఆ ఇల్లు ఊరి చివర, పత్తి మిల్లుల వైపు ఉంది. పెరట్లో నడుము ఎత్తుకు కొంచెం పైన ఒక అడ్డగోడ. గోడకు అవతల భీమమ్మ ఇల్లు. భీమమ్మ మిల్లులో పత్తి ఏరే పనికి పోతుంది. ముగ్గురు బిడ్డల్ని కని ముగ్గురినీ బతికించుకున్న మనిషి. ఆ ఒక్క కారణంగానే కృష్ణాబాయి కొడుకు ఆమెకు అమ్ముడుపోయినాడు.

అమ్మడమంటే నిజం అమ్మకం కాదు. కృష్ణాబాయికి మొదట ఒక ఆడపిల్ల, తుంగ. మూడో ఏడు నడుస్తుండగా జ్వరం తగిలింది. వారం రోజులు ఒళ్ళు పొయ్యి మాదిరి కాలి, ఎనభై మూడు శ్రావణంలో పోయింది. పసిబిడ్డ గనక దహనం లేదు, వంక గట్టున పూడ్చినారు. తద్దినం లేదు, నీళ్ళు వదిలే పద్ధతీ లేదు. ఆ తరువాత రెండేళ్ళు దాటి ఈ పిల్లవాడు పుడితే, అత్తగారు రుక్మిణమ్మ పదకొండో నాడు వాణ్ణి చేటలో పడుకోబెట్టి, గోడ మీదుగా భీమమ్మకు అందించింది. భీమమ్మ బిడ్డను ఎత్తుకుని అదే చేటలో తవుడు పోసి తిరిగిచ్చింది. అయిపోయింది బేరం. పిల్లవాడు భీమమ్మ బిడ్డ. పేరు తవుడప్ప. పాలిచ్చి పెంచడం మటుకు కృష్ణాబాయి వంతు. మంత్రాలయంలో పుట్టెంట్రుకలు తీయించిన నాడు తవుడు తిరిగిచ్చి, కోక పెట్టి, వెనక్కి కొనుక్కోవాలి. అంతవరకు వాణ్ణి నా బిడ్డ అనకూడదు. పోయిన బిడ్డకు తమ్ముడున్నాడని తెలియకూడదు. తెలిస్తే తోడుకు పిలుచుకుంటుంది.

రుక్మిణమ్మ ఈ మాట చెప్పి మంత్రాలయం వెళ్ళిపోయింది. కృష్ణాబాయి పట్టుకున్న మాటను వదల్లేదు. పాలిస్తూ కూడా "భీమమ్మ బిడ్డ తాగుతాండాడు" అనేది. నీళ్ళు పోస్తూ "భీమమ్మా, నీ బిడ్డ జారిపోతాండాడే" అని గోడవైపు కేకేసేది.

భీమమ్మ గోడ మీద మోచేతులానించి, తలలో పత్తి నూగుతో నవ్వేది. "నా బిడ్డ సన్నబడినట్టుండాడే బాయమ్మా! ఇట్ల పెంచితే కూలి కోస్తా సూడు."

"కూలి ఎవరిచ్చినారు నాకు? ముందు అది తే."

"తవుడిచ్చినా గదా తల్లీ, యాడ దాసినావు?"

కృష్ణాబాయి భర్త నరహరి మాత్రం ఈ మాటలకు ముఖం ముడుచుకునేవాడు. ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్తాడు. బెంగుళూరులో ఉన్న ఒక ప్రొఫెసరు కింద నక్షత్రాల మీద పరిశోధన చేస్తున్నాడు. ఎనభై మూడులో మూడు దేశాలవాళ్ళు కలిసి ఆకాశంలోకి ఒక దుర్భిణిని పంపినారు. అది వెలుగును చూసేది కాదు, వేడిని చూసేది. పెళ్ళానికి అర్థం కావాలని నరహరి ఒకసారి వంటింట్లోకే వచ్చి చెప్పినాడు. "పొయ్యి ఆర్పినాక కంటికేముంది? నలుపే. చెయ్యి దగ్గర పెడితే తెలుస్తుంది గదా కృష్ణా, వేడి ఇంకా ఉందని. ఆ దుర్భిణి అట్లాంటి చెయ్యి. కంటికి కనపడని చుక్కల్ని తడిమి చూస్తుంది."

దానికి చలువ కోసం పోసిన ద్రవం ఆ ఏడు కార్తీకానికల్లా ఇంకిపోయి, కన్ను మూతపడింది. అది తీసిన బొమ్మలు మాత్రం మిగిలినాయి. ఒకే చోటును అది వారాల తరబడి, నెలల తరబడి మళ్ళీ మళ్ళీ చూసేది. చూసిన ప్రతిసారీ ఉంటేనే చుక్క. ఒకసారి ఉండి మరోసారి లేకపోతే లెక్కలోంచి కొట్టేస్తారు. కొట్టేసిన వాటిని చూసే పని నరహరిది. ఏదో రాయి తిరుగుతూ పోయిందా, యంత్రం పొరబాటా అని తేల్చాలి.

ఆ కొట్టేసిన వాటిలోనే ఆయన ఒకదాన్ని పట్టుకున్నాడు. శ్రావణంలో ఒక వారం ఉంది. తరువాత లేదు. ఏ వారమో చూసుకున్న రోజు నుంచి నరహరి సరిగ్గా అన్నం తినలేదు.

*

ఆ సాయంత్రం బెంగుళూరు నుంచి కొత్త ఫిల్ములు వచ్చినాయి. ముందటి కంటే పెద్దవి, స్పష్టమైనవి. నరహరి నడవ పక్క గదిలో రెండు పెట్టెల మీద అద్దం పలక పరిచి, కింద బల్బు వెలిగించి, పైన ఫిల్ము పెట్టినాడు. తెల్లటి ఆకాశం. నల్లటి చుక్కలు. అంతా తిరగబడి ఉంటుంది ఆ ఫిల్ముల్లో.

కృష్ణాబాయి దేవుని ముందు దీపం పెడుతోంది. పిల్లవాడు ఎమ్మిగనూరు దుప్పటితో కట్టిన ఊయల్లో కాళ్ళాడిస్తున్నాడు. అది ఆమె పుట్టింటివాళ్ళు నేయించి పంపిన దుప్పటి. తుంగకూ అదే కట్టినారు.

"కృష్ణా! ఇట్లరా!" నరహరి గొంతు ఎట్లనో ఉంది. "దొరికింది. ఇది యంత్రం పొరబాటు కాదు. చూడు, ఎంత గుండ్రంగా ఉందో..."

ఆమె గడప దగ్గరే నిలబడింది. "పోయినదాని పేరు ఎత్తొద్దండి. దీపాల వేళ."

"పేరు ఎవరెత్తినారు? నేను చుక్క అంటున్నా." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. గబగబా ఊయల దగ్గరికి వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. "మూడేండ్లుగా వెతుకుతున్నా కృష్ణా. రారా, నా కొడకా! నువ్వు చూడాల్రా!"

ఆమె రెండడుగులు ముందుకేసింది. "అట్ల అనొద్దండీ..."

"నా కొడుకును నా కొడుకు అంటే తప్పా? ఎన్నాళ్ళే ఈ తవుడు బేరం?"

ఆమె అడ్డం పడేలోగానే ఆయన పిల్లవాణ్ణి అద్దం మీదికి వంచి, చిట్టి చూపుడువేలు పట్టుకుని, ఫిల్ము మీద ఒకచోట ఆనించినాడు.

"ఇదిగోరా. మీ అక్క."

పిల్లవాడు కెవ్వుమన్నాడు. నిప్పు తగిలినట్టు వేలు వెనక్కి లాక్కున్నాడు. ఆ కేక ఊపిరి తిరగకుండా సాగింది. కృష్ణాబాయి లాక్కుని చూసింది. వేలి కొస ఎర్రగా ఉంది.

"బల్బు వేడికి అద్దం కాలి ఉంటుంది," అన్నాడు నరహరి. తను అద్దం మీద అరచెయ్యి పెట్టి చూసినాడు. చెయ్యి తీయకుండా కాసేపు అట్లనే ఉన్నాడు. అద్దం అంత వేడిగా లేదు.

దీపంలో వత్తి సగం కాలేసరికి పిల్లవాడి ఒళ్ళు కాలిపోతోంది.

ఆమె మంత్రాలయం రాయర సన్నిధి నుంచి తెచ్చిన మట్టి, మృత్తిక, తడిపి నుదుట రాసింది. రాసిన వేలు తీసేలోపలే అది ఎండి, పొరలు పొరలుగా రాలిపోయింది. ఇంకోసారి రాసింది. మళ్ళీ రాలింది. సరిగ్గా ఇట్లనే తుంగ నుదుట రాలడం ఆమెకు గుర్తుంది. అప్పుడే కరెంటు పోయింది.

"నేను డాక్టరును పిలుచుకొస్తా," నరహరి చీకట్లో సైకిలు తడుముకున్నాడు. "భయపడొద్దు. పసిబిడ్డలకు జ్వరం రాదా?"

ఆ మాట శ్రావణంలో కూడా అన్నాడు. ఇద్దరికీ అది గుర్తొచ్చింది. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయినాడు.

భీమమ్మ ఇంట్లో దీపం లేదు. మిల్లు సైరను కూస్తే గాని ఆమె రాదు.

*

కృష్ణాబాయి బుడ్డి వెలిగించి నడవలో పెట్టింది. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ నడవసాగింది. వాడు ఏడుపు మాని మూలుగుతున్నాడు. ఏడ్చినా బాగుండు. రాయర పేరు తలుచుకుంటూ నడుస్తోంది. బండలు మంచు మాదిరి ఉన్నాయి. ఒకటి. ఇంకొకటి. దాని తరువాతది...

వెచ్చగా ఉంది.

ఆగింది. ఇందాక బుడ్డి ఇక్కడ పెట్టినానేమో అనుకుంది. బుడ్డి అటు మూల ఉంది. పాదం కదిపింది. ఆ వెచ్చదనం బండ అంతా లేదు. చిన్న చోటే. చుట్టూ చల్లగా ఉంది.

మరో అడుగు వేసింది. చల్లన. మరొకటి. వెచ్చన.

కంటికి బండ మీద ఏమీ లేదు. తడి లేదు, మరక లేదు. ఆమె పిల్లవాణ్ణి ఒక చేత్తో అదుముకుని మోకాళ్ళ మీద కూర్చుంది. రెండో అరచెయ్యి బండ మీద పెట్టి తడిమింది. మడమ. గుంట. ఐదు చిన్న వేళ్ళు.

జానెడు కూడా లేదు.

పొయ్యి ఆర్పినాక కంటికేముంది... చెయ్యి దగ్గర పెడితే తెలుస్తుంది గదా కృష్ణా.

ఆ అడుగులు ఫిల్ములున్న గదిలో నుంచి వచ్చినాయి. అరచేత్తో ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది. గడప దాటినాయి. ఊయల దగ్గరికి పోయినాయి. ఊయల చుట్టూ ఒకసారి తిరిగినాయి. ఖాళీ ఊయల కొద్దిగా ఊగుతోంది. దుప్పటిలో చెయ్యి పెట్టింది. లోపల కుంపటి పెట్టి తీసినట్టుంది.

వాసన వచ్చింది. ఆముదం పెట్టిన పసి తల. జ్వరం పట్టిన తల. తల్లి మరిచిపోగలిగే వాసన కాదది.

అడుగులు ఊయల దగ్గర ఆగలేదు. తిరిగి నడవలోకి వచ్చినాయి. తను ఇందాకటి నుంచి నడిచిన దారిలోనే... తన వెనకనే...

కృష్ణాబాయి లేచి నిలబడింది. కదల్లేదు.

మోకాలి దగ్గర చీరకు వేడి తగిలింది. కుచ్చిళ్ళు కిందికి లాగినట్టయినాయి. చిన్న పిడికిట్లో పట్టుకున్నట్టు.

"అమ్మా..."

పలకకూడదు. పెద్దవాళ్ళు చెప్పిన మాట. పలకకూడదు...

"అమ్మా, ఎత్తుకో."

మూడేండ్లుగా ఆ మాట వినాలని ఏడవని రాత్రి లేదు. ఇప్పుడు వింటూ ఉంటే పళ్ళు కొట్టుకుంటున్నాయి. పిల్లవాడి మూలుగు సన్నబడింది. వాడి ఊపిరి మెడకు ఆవిరి మాదిరి తగులుతోంది.

"వాడెవురు?"

"భీమమ్మ బిడ్డమ్మా..." గొంతు తనది కాదనిపించింది. "తవుడుకు అమ్మేసినాము. మన బిడ్డ కాదు."

"నాన్న కొడకా అన్నాడే."

"నాన్న ఊరికే అన్నాడు. నాకు నువ్వొక్కదానివే తల్లీ. ఇంకెవరూ లేరు."

బుడ్డి చిటపటలాడింది. ఆ పట్టు మాత్రం వదల్లేదు. తరువాత చాలా నెమ్మదిగా, చాలా దగ్గరగా...

"మరి... ఎందుకెత్తుకున్నావు?"

కృష్ణాబాయి పిల్లవాణ్ణి ఇంకా గట్టిగా అదుముకుంది.

పిల్లవాడు ఒక్కసారి విల్లు మాదిరి వంగినాడు. కళ్ళు తేలేసినాడు. తుంగ కూడా ఇట్లనే వంగింది. ఆ తరువాత ఏమైందో ఆమెకు తెలుసు. అంతా తెలుసు.

అప్పుడు మిల్లు సైరను కూసింది.

*

భీమమ్మ ఇంటి తలుపు తీసిన చప్పుడైంది. "ఏం బాయమ్మా, దీపం లేదేందీ పొద్దు?" అంటూ గోడ దగ్గరికి వచ్చింది. చూస్తే కృష్ణాబాయి పెరట్లో నిలబడి ఉంది. చేతుల్లో చేట. చేటలో పిల్లవాడు.

"నీ బిడ్డను నువ్వు తీసుకో భీమమ్మా."

"ఇదేంది తల్లీ, ఇప్పుడు... అయ్యో! ఒళ్ళు కాలిపోతాంది గదా!"

"తీసుకో. నాకొద్దు వీడు." కృష్ణాబాయి గోడ అవతలికి మాట్లాడుతోంది గాని చెవి వెనక్కి ఉంది. కుచ్చిళ్ళు ఇంకా బిగిసే ఉన్నాయి. "తవుడు తిరిగియ్యను. కోక పెట్టను. మళ్ళీ కొనుక్కోను. రాయర మీద ఒట్టు భీమమ్మా. వీడు నా బిడ్డ కాదు. ఎప్పటికీ కాదు."

"అంత మాటొద్దు బాయమ్మా! ఆ ఒట్టు తీసెయ్యి..."

"పట్టుకో!"

ఆ కేకకు భీమమ్మ బెదిరి పిల్లవాణ్ణి అందుకుంది. చేట ఖాళీ అయింది. ఆమె గుండెకు అదుముకుని, నుదురు తడిమి, మెడ తడిమి, బిత్తరపోయింది.

"ఏందమ్మా ఇది... సల్లబడతాండాడు."

ఒక్క క్షణం కృష్ణాబాయికి లోకమంతా నల్లనైంది. అప్పుడు వాడు ఏడ్చినాడు. ఆకలేడుపు. గట్టిగా, ఆరోగ్యంగా, గొంతు నిండా. ఆ ఏడుపుకు కృష్ణాబాయి రొమ్ములు చేపుకొచ్చి రవిక తడిసింది. గోడకు అవతల జానెడు దూరంలో బిడ్డ ఉన్నాడు. చెయ్యి చాపలేదు.

"మేకపాలు పట్టు," అంది. "కొంచెం నీళ్ళు కలుపు."

లోపలికి పోయింది. నడవలో కూర్చుంది. రెండు చేతులూ చాపింది.

"రా తల్లీ..."

డాక్టరును వెంటబెట్టుకుని నరహరి వచ్చేసరికి భీమమ్మ ఇంట్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు. జ్వరమన్నది లేదు. డాక్టరు ఎగాదిగా చూసి, ఏదో గొణుక్కుని పోయినాడు. కృష్ణాబాయి నడవలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ పక్క కొంగు కప్పి, ఖాళీ ఒళ్ళో మెల్లగా జోకొడుతోంది. రవిక పొడిగా ఉంది. ఆ పాలు అట్లనే ఇంకిపోయినాయి, మళ్ళీ రాలేదు.

"వాణ్ణి ఎందుకిచ్చినావు కృష్ణా?"

"మెల్లగా మాట్లాడండి. ఇప్పుడే కళ్ళు మూసింది."

కరెంటు వచ్చినాక నరహరి అద్దం పలక దగ్గరికి పోయినాడు. భూతద్దం పెట్టి చూసినాడు. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తను సిరాతో సున్నా చుట్టిన చోట మాత్రం, సున్నా లోపల, ఏమీ లేదు.

*

ఆయన ఆ పరిశోధన మానుకున్నాడు. రుక్మిణమ్మ వచ్చి తవుడూ కోకా పట్టుకుని గోడ దగ్గరికి పోతే, కృష్ణాబాయి అడ్డం నిలబడింది. భీమమ్మే ఏడ్చింది గాని ఆమె ఏడవలేదు. పిల్లవాడు భీమమ్మను అమ్మా అని, కృష్ణాబాయిని బాయమ్మా అని పిలవడం నేర్చినాడు. వాడు పిలిస్తే ఆమె తల తిప్పేది కాదు.

నడిచేటప్పుడు ఆమె కొంచెం ఒక పక్కకు ఒరిగేది, సంకలో బరువున్నట్టు. రానురాను ఆ ఒరుగు ఎక్కువైంది. మార్గశిరంలో కూడా దుప్పటి కప్పుకునేది కాదు. ఆమె పక్కన కుంపటి పెట్టుకున్నంత వెచ్చగా ఉండేది. నరహరికి అది తెలుసు. ఎప్పుడూ అడగలేదు.

అట్ల రెండు చలికాలాలు గడిచినాయి. మూడో మార్గశిరంలో ఒకరోజు తెల్లవారుతుండగా ఆమె పడకలోంచి పిలిచింది.

"ఏమండీ... ఆ దుప్పటి ఇటియ్యండి."

నరహరికి నిద్ర ఎగిరిపోయింది. "ఏమైంది?"

"చలేస్తాంది." ఆమె తన ఎడమ పక్కను తడుముకుంటోంది. మళ్ళీ మళ్ళీ తడుముకుంటోంది. "శానా చలేస్తాందండీ..."

ఎమ్మిగనూరు దుప్పటి ఉతికి పెరట్లో గోడ మీద ఆరేసి ఉంది. ఆయన చెప్పుల్లేకుండా బయటికి పోయినాడు. మంచు పడుతోంది. భీమమ్మ అప్పటికే మిల్లుకు పోయింది. అవతల వాకిట్లో పిల్లవాడు ఒక్కడే మాట్లాడుకుంటూ ఆడుకుంటున్నాడు. దుప్పటికి చెయ్యి చాపుతూ గోడ మొదట్లో అడుగు వేసినాడు.

బండ వెచ్చగా ఉంది.

వంగి, అరచెయ్యి ఆనించినాడు. రెండు పాదాలు, పక్కపక్కనే, గోడ వైపు తిరిగి. వెడల్పును బట్టి చూస్తే జానెడు దాటి ఉంటాయి. వేళ్ళ చోట బండ కాలుతోంది.

మునివేళ్ళ మీద లేచినట్టు, మడమల చోట మాత్రం చల్లగానే ఉంది.